లద్దాఖ్ బృందయాత్రకు సిద్ధం కావడం ఎలా: డబ్బు కట్టిన రోజు నుంచి పాంగాంగ్ రాత్రి వరకు

లద్దాఖ్ యాత్రకు డబ్బు కట్టిన తరువాత బయలుదేరేదాకా సాధారణంగా రెండు మూడు నెలల గడువు ఉంటుంది. ఆ గడువంతా ఫొటోలు చూసుకుంటూ గడిపి, చివరి వారంలో స్వెట్టర్ల కోసం పరుగెత్తేవారే ఎక్కువ. ఏం కొనాలి, ఏ మాత్రలు వేసుకోవాలి, అమ్మానాన్నలను తీసుకువెళ్లవచ్చునా అని బంధుమిత్రులు పదే పదే అడుగుతూ ఉండడం వల్ల, అందరికీ విడివిడిగా చెబుతున్నదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఢిల్లీ మీదుగా విమానంలో లేహ్ చేరి, గైడుతో కలిసి ఎనిమిది తొమ్మిది రోజులు తిరిగివచ్చే యాత్రను దృష్టిలో పెట్టుకున్నాను.

1. ముందుగా చూడవలసింది పడక ఎత్తు

ట్రావెల్స్ వారు ఇచ్చే కార్యక్రమ పత్రంలో ఏ రోజు ఏమేమి చూపిస్తారో ఉంటుంది కానీ, ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటారో ఉండదు. ఒంటికి సంబంధించినంతవరకు ఆ రెండో లెక్కే ముఖ్యం. పగలు ఎత్తైన కనుమ ఎక్కి గంటలోపు దిగిపోవడం చాలామందికి సాధ్యమే. అలవాటు లేని ఎత్తున రాత్రంతా పడుకోవడమే ప్రమాదం తెచ్చేది.

పెన్సిల్ తీసుకుని, పత్రంలో ప్రతి రాత్రి పక్కన ఈ అంకెలు రాసుకోండి. అన్నీ సుమారు లెక్కలే.

- లేహ్: 3,500 మీటర్లు
- ఆల్చి: 3,100 మీటర్లు
- నూబ్రా లోయలో డిస్కిట్, హుందర్: 3,100 మీటర్లు
- పాంగాంగ్ సరస్సు ఒడ్డు: 4,250 మీటర్లు
- హాన్లే: 4,300 మీటర్లు
- సో మొరీరి ఒడ్డున కొర్జోక్: 4,500 మీటర్లు

దారిలో దాటే ఖర్దుంగ్ లా, చాంగ్ లా కనుమలు రెండూ 5,300 మీటర్లకు పైనే ఉంటాయి. విజయవాడ దాదాపు సముద్ర మట్టంలో ఉన్న ఊరు. అక్కడ రాత్రి భోజనం చేసినవారు మరునాటి ఉదయం లేహ్‌లో దిగితే, పీల్చే ప్రతి ఊపిరిలో అలవాటైన ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే అందుతుంది.

వైద్యులు చెప్పే నియమం ఇది: 3,000 మీటర్లు దాటిన తరువాత పడక ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకు ఒకసారి ఎత్తు పెంచకుండా ఒక రోజు ఆగాలి. విమానంలో లేహ్‌లో దిగడంతోనే మనం ఈ నియమాన్ని మీరినట్టు. కాబట్టి తరువాతి రోజులలో ఇక మీరకుండా చూసుకోవాలి.

2. రోజుల వరుస సరిచేయించడం

మొదటిసారి వెళ్లేవారికి, ముఖ్యంగా యాభై దాటినవారికి, నేను సూచించే వరుస ఇది.

- 1, 2 రోజులు: లేహ్‌లో విశ్రాంతి. రెండో సాయంత్రం బజారు వరకు నడక.
- 3వ రోజు: పడమటి వైపు నిమ్మూ దగ్గర సింధు, జంస్కార్ నదుల సంగమం, లికిర్, ఆల్చి గొంపాలు (బౌద్ధ మఠాలు). దారి చాలావరకు లేహ్ కంటే కిందికి దిగుతుంది కనుక ఒంటికి తేలిక.
- 4, 5 రోజులు: ఖర్దుంగ్ లా మీదుగా నూబ్రా. పడక మళ్లీ 3,100 మీటర్ల దగ్గరే.
- 6వ రోజు: ష్యోక్ నది దారిలో పాంగాంగ్. అక్కడ ఒక్క రాత్రి చాలు.
- 7వ రోజు: చాంగ్ లా మీదుగా లేహ్.
- 8వ రోజు: లేహ్ పరిసరాలలో షే, థిక్సే, హెమిస్.
- 9వ రోజు: తిరుగు విమానం.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. నూబ్రా నుంచి పాంగాంగ్‌కు పడక ఎత్తు ఒక్కసారిగా వెయ్యి మీటర్లకు పైగా పెరుగుతుంది. పైగా పాంగాంగ్ నుంచి లేహ్ రావాలంటే చాంగ్ లా ఎక్కి దిగాలి. అంటే అక్కడ జబ్బుపడినవారిని లేహ్ ఆసుపత్రికి తీసుకురావడానికి ముందు మరో వెయ్యి మీటర్లు పైకి తీసుకువెళ్లాలి. పటంలో దగ్గరగా కనిపించే దారి కష్టకాలంలో దగ్గర దారి కాదు. నూబ్రాలో తలనొప్పి, వాంతులు ఉన్నవారు పాంగాంగ్ ఆశ వదులుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. డిస్కిట్‌లో ఆసుపత్రి ఉంది. అక్కడే ఆగి తగ్గించుకోవాలి.

రెండో రోజునే ఖర్దుంగ్ లా ఎక్కించే కార్యక్రమాలు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. మా అమ్మతో నేను మొదటిసారి వెళ్లినప్పుడు మేము కొన్నది అటువంటిదే. కనుమ మీద కారు తలుపు తెరిచి దిగబోయిన మనిషి మళ్లీ సీటులో కూలబడి, పెదవులు నీలిరంగుకు తిరిగి, నోట మాట రాక చేత్తో సైగ చేయడం నేను చూశాను. సగం దారిలో వెనక్కు తిరిగి లేహ్ చేరాము. దేవుడి దయవల్ల అమ్మ సాయంత్రానికి కోలుకున్నది. డబ్బు కట్టేముందు పడక ఎత్తులు రాసుకుని ఉంటే ఆ కార్యక్రమం కొనేవాడినే కాదు.

మనాలీ నుంచి రోడ్డు దారిలో వెళ్లేవారు సర్చూ గుడారాలలో మొదటి రాత్రి గడపకూడదు. అది సుమారు 4,290 మీటర్లు. జిస్పాలోనో కీలాంగ్‌లోనో ఆగడం మేలు. ఓపిక, సెలవు ఉన్నవారికి శ్రీనగర్, కార్గిల్ మీదుగా లేహ్ చేరడమే ఒంటికి మంచి దారి, ఎందుకంటే ఎత్తు క్రమంగా పెరుగుతుంది.

3. ట్రావెల్స్ వారిని అడగవలసిన ప్రశ్నలు

మిగిలిన డబ్బు కట్టకముందే వీటికి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

- లేహ్‌లో మొదటి రెండు రాత్రులు పూర్తిగా విశ్రాంతికేనా?
- బృందంలో ఒకరికి బాగులేకపోతే, వారితో పాటు ఆగడానికి విడిగా మనిషి, బండి ఉంటాయా?
- బండిలో ఉండేది నిజమైన ఆక్సిజన్ సిలిండరా, చేతి డబ్బానా?
- గైడు లద్దాఖీ మనిషేనా? ప్రథమ చికిత్సలో శిక్షణ పొందారా?
- స్థానికంగా తిరిగేది లేహ్ టాక్సీలలోనేనా? బయటి అద్దె బండ్లను అక్కడి యూనియన్ తిరగనివ్వదు.
- పాంగాంగ్ గుడారంలో ఎన్ని రగ్గులు ఇస్తారు? రాత్రి కరెంటు ఎంతవరకు ఉంటుంది?

ఆక్సిజన్ డబ్బాల సంగతి విడిగా చెప్పాలి. దుకాణాలలో అమ్మే చేతి డబ్బాలో కొన్ని లీటర్ల వాయువే ఉంటుంది, అది నిమిషాలలో అయిపోతుంది. దానిని పక్కన పెట్టుకుని ధైర్యంగా పైకి వెళ్లడం పెద్ద పొరపాటు.

4. ఒంటిని సిద్ధం చేసుకోవడం: రెండు నెలల ముందు నుంచి

ఎత్తైన చోట ప్రాణవాయువు చాలక వచ్చేదే ఎత్తు జబ్బు. వ్యాయామం చేసినంత మాత్రాన అది రాకుండా పోదు. కండబలం ఉన్న కుర్రవాళ్లే, తమకేమీ కాదన్న ధీమాతో మొదటి రోజు తిరిగి పడకెక్కడం మామూలు. వ్యాయామం అవసరమైంది మరొకందుకు: గొంపాలన్నీ కొండ కొమ్మున ఉంటాయి, మెట్లు నిటారుగా ఉంటాయి.

మొదటి నెలలో రోజుకు నలభై నిమిషాలు చురుకైన నడక చాలు. రెండో నెలలో వారానికి మూడు రోజులు మెట్లు ఎక్కండి. అపార్ట్‌మెంటు మెట్లు నాలుగైదు అంతస్తులు ఎక్కి దిగడం సరిపోతుంది. ఎక్కేటప్పుడు పక్కవారితో మాట్లాడగలిగినంత నిదానంగా ఎక్కడం అలవాటు చేసుకోండి. లద్దాఖ్‌లో పనికివచ్చేది ఆ నిదానమే. పొగ తాగేవారు మానడానికి ఇదే సమయం.

5. వైద్యుడి దగ్గరకు: రెండు నెలల ముందే

గుండె జబ్బు, ఆస్తమా, రక్తపోటు, మధుమేహం, రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు తమను ఎప్పుడూ చూసే వైద్యుడి అనుమతి లేకుండా టికెట్ కొనకూడదు. మన ఆడవారిలో రక్తహీనత ఎక్కువ కనుక హిమోగ్లోబిన్ పరీక్ష తప్పక చేయించండి. తక్కువగా ఉంటే సరిచేసుకోవడానికి నెలకు పైగా పడుతుంది.

ఎత్తు జబ్బు నివారణకు వాడేది ఎసిటజోలమైడ్. డయామాక్స్ పేరుతో ఎక్కువమందికి తెలుసు. పెద్దలకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ప్రయాణానికి ముందు రోజు నుంచి మొదలుపెడతారు. దుకాణంలో దొరికేది తరచుగా 250 మిల్లీగ్రాముల మాత్ర కాబట్టి సగం చేసి వాడవలసి ఉంటుంది. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల ఇబ్బంది ఉన్నవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. ఈ మాత్రతో వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. వాటికి కంగారు పడనక్కరలేదు. ఒంటికి పడుతుందో లేదో ఇంటి దగ్గరే ఒకటి రెండు రోజులు వాడి చూడడం గురించి కూడా వైద్యుడిని అడగండి.

సరిచూసుకోవలసిన మందుల సంచి:

- రోజూ వేసుకునే మందులు, యాత్ర రోజులకు రెట్టింపు
- తలనొప్పికి పారాసెటమాల్, వాంతులకు, విరేచనాలకు మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు
- రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే, వేలికి తగిలించే ఆక్సీమీటర్
- మధుమేహం ఉన్నవారికి గ్లూకోమీటర్. ఇన్సులిన్ గడ్డకట్టకుండా ఒంటికి దగ్గరగా లోపలి జేబులో

నిద్రమాత్రలు తీసుకువెళ్లకండి. అవి ఊపిరిని మందగింపజేస్తాయి. మొదటి రోజులలో మద్యం కూడా అంతే.

6. కాగితాలు, ఫోను, డబ్బు

నూబ్రా, పాంగాంగ్ సరిహద్దు ప్రాంతాలు. గుర్తింపు కార్డు అసలు, నాలుగైదు నకళ్లు, పర్యావరణ రుసుము కట్టిన రసీదు చేతి సంచిలో ఉండాలి. రుసుము ట్రావెల్స్ వారే కడతారు. రసీదులో మీ పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉన్నదో లేదో చూడండి. ఇంటిపేరు ముందో వెనుకో అన్న తికమక మనవారికి ఇక్కడే ఎదురవుతుంది.

అమెరికా వంటి చోట్ల స్థిరపడి విదేశీ పాస్‌పోర్టు తీసుకున్న తెలుగువారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, ఈ సరిహద్దు ప్రాంతాలకు ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ అనే అనుమతి పత్రం తీసుకోవాలి. తల్లిదండ్రులతో కలిసి వెళ్లేవారు ఈ సంగతి లేహ్ చేరాక తెలుసుకుంటే ఒక రోజు వృథా అవుతుంది. స్థానిక ఏజెంటు ద్వారా ముందుగానే ఏర్పాటు చేయించండి.

మన ప్రాంతంలో కొన్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. కుటుంబంలో ఒకరైనా పోస్ట్‌పెయిడ్‌కు మారాలి, అది కనీసం పది రోజుల ముందే జరగాలి. లేహ్ దాటితే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అక్కడ మీకంటే ఇక్కడ వారు ఎక్కువ కంగారు పడతారు. ఏటీఎంలు లేహ్‌లోనే నమ్మకం. నగదు అక్కడే తీసుకుని బయలుదేరండి.

7. పెట్టె సర్దడం

ఒకే లావుపాటి కోటు కంటే మూడు పొరలు మేలు: ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఉన్ని లేదా ఫ్లీస్, పైన గాలి ఆపే జాకెట్. లోపలి పొర నూలుది కాకూడదు. చెమటకు తడిసి అలాగే చల్లబడుతుంది. చీర కట్టుకునే పెద్దవారికి లోపల థర్మల్, కాళ్లకు ఉన్ని మేజోళ్లు, బూట్లు ఏర్పాటు చేయండి. చెప్పులతో గొంపా మెట్లు ఎక్కనివ్వకండి.

చలి కంటే ముందు ఎండ దెబ్బ తీస్తుంది. ఎస్‌పీఎఫ్ 50 లేపనం, పెదవులకు బామ్, పక్కల నుంచి కూడా వెలుతురు ఆపే నల్ల కళ్లద్దాలు, అంచున్న టోపీ తప్పనిసరి.

గాలి పీడనం తగ్గడం వల్ల సంచిలో కొన్ని వింతలు జరుగుతాయి. షాంపూ సీసా మూత దగ్గర కారుతుంది, కాబట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టాలి. హైదరాబాదులో కొన్న చిప్స్ పొట్లాం ఖర్దుంగ్ లా మీద దిండులా ఉబ్బి, ముట్టుకుంటే పేలేలా ఉంటుంది.

తిండి విషయం మనవారికి ముఖ్యం కనుక చెబుతున్నాను. లేహ్‌లో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే మామూలు గిన్నెలో ఎంతసేపు ఉడికించినా అన్నం మెతుకు మధ్యలో పలుకు ఉండిపోతుంది. ప్రెషర్ కుక్కర్‌లో వండిన అన్నమేనా అని అడిగి తినండి. కందిపొడి, నెయ్యి తీసుకువెళితే హాయి. నూనె తేలే ఊరగాయలు, వేపుళ్లు మొదటి మూడు రోజులు వద్దు. వేడి వేడి థుక్పా (నూడుల్స్ సూపు), ఖంబీర్ రొట్టె, చక్కగా ఉడికిన పప్పు తేలికగా అరుగుతాయి.

8. లేహ్‌లో మొదటి 48 గంటలు

ఈ యాత్ర మొత్తంలో అతి కష్టమైన పని ఇదే, ఎందుకంటే ఏ పనీ చేయకుండా ఉండాలి. కిటికీలోంచి మంచు కొండలు కనిపిస్తుంటాయి, ఒంట్లో బాగానే ఉన్నట్టు ఉంటుంది, ఒక్కసారి శాంతి స్తూపం దాకా వెళ్లొద్దామా అనిపిస్తుంది. ఎత్తు జబ్బు దిగిన వెంటనే బయటపడదు. ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత, తరచు మొదటి రాత్రి బయటపడుతుంది. ఉదయం బాగున్నామని తిరిగినవారు ఆ రాత్రే అవస్థ పడతారు.

- విమానాశ్రయంలో మీ పెట్టె మీరు మోయకండి. గదికి మెట్లు నిదానంగా ఎక్కండి.
- మొదటి రోజు తలస్నానం వద్దు. పగలు గంటల తరబడి నిద్ర వద్దు. కూర్చుని కబుర్లు చెప్పుకోండి.
- దాహం తీరేలా నీళ్లు తాగండి. మూత్రం లేత రంగులో ఉంటే చాలు. లీటర్ల లెక్కతో బలవంతంగా తాగడం కూడా మంచిది కాదు.
- ఆక్సీమీటర్ అంకె మొదటి రోజు 85, 90 మధ్య ఉండడం మామూలు. గంటకొకసారి చూసి బెంగపడకండి. ఉదయం, రాత్రి చూసి రాసుకోండి. మనిషి ఎలా ఉన్నారన్నదే ముఖ్యం.

రాత్రి మరొక సంగతి చాలామందిని భయపెడుతుంది. నిద్రలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, తరువాత ఒక్కసారిగా గట్టిగా అందుకుంటుంది. పక్క మంచం మీద మా నాన్న ఊపిరి అలా ఆగినప్పుడల్లా నేను లేచి కూర్చుని లెక్కపెట్టేవాడిని. తొమ్మిది, పది అనేసరికి మళ్లీ మొదలయ్యేది. ఎత్తుకు ఇది సహజం. ఇతర లక్షణాలు లేకపోతే రెండు మూడు రాత్రుల్లో నెమ్మదిస్తుంది.

9. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు దిగాలి

తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తల తిరగడం వీటిలో ఒకటున్నా అది ఎత్తు జబ్బే అనుకోవాలి. అప్పుడు పైకి వెళ్లకూడదు. అదే ఎత్తున విశ్రాంతి, పారాసెటమాల్, ఒక రోజు గడువు. తగ్గకపోతే దిగాలి.

ఈ కిందివి కనిపిస్తే తెల్లవారేదాకా కూడా ఆగకూడదు:

- కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగతో లేదా ఎర్రటి జీరతో కఫం
- గీత మీద అడుగు ముందు అడుగు వేసి నడవలేక తూలడం
- మాట తడబడడం, అయోమయం, లేపినా సరిగా లేవకపోవడం

మొదటిది ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదనడానికి, తరువాతి రెండు మెదడు వాస్తున్నదనడానికి గుర్తులు. ఆక్సిజన్ పెట్టి, వెంటనే కిందికి దింపి, వైద్యం అందించాలి. లేహ్‌లో సోనమ్ నోర్బూ స్మారక ఆసుపత్రిలో ఇటువంటి కేసులు నిత్యం చూస్తారు. పాంగాంగ్ వైపు టాంగ్‌ట్సేలో ఆరోగ్య కేంద్రం ఉంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు దాచిపెట్టడం. మనవల్ల బృందం యాత్ర ఆగిపోతుందేమోనని పెద్దవారు తలనొప్పి చెప్పరు. కాబట్టి రోజూ ఉదయం అల్పాహారం దగ్గర గైడు ప్రతి ఒక్కరినీ పేరుపేరునా అడిగేలా మొదటి రోజే మాట తీసుకోండి.

10. గొంపాలో నడుచుకునే తీరు

గొంపా ప్రదర్శనశాల కాదు, లోపల నిత్యపూజ జరుగుతూ ఉంటుంది. మన గుడిలో ప్రదక్షిణ ఎటు చేస్తామో అక్కడ కూడా అటే: ఛోర్టెన్లను (స్తూపాలను), మంత్రాలు చెక్కిన మణి రాళ్ల గోడలను కుడి చేతి వైపు ఉంచుకుని నడవాలి, ప్రార్థన చక్రాలను గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. మంత్రం చెక్కిన రాయి ఒక్కటి కూడా సంచిలో వేసుకోకూడదు.

పూజా మందిరంలోకి బూట్లు, టోపీ తీసి వెళ్లాలి. విగ్రహాల వైపు కాళ్లు చాపకూడదు. భిక్షువులు కూర్చునే ఆసనాల మీద కూర్చోకూడదు. ఫొటో తీయవచ్చునా అని అడగాలి, ఫ్లాష్ మాత్రం ఎక్కడా వాడకూడదు; ఆల్చిలో శతాబ్దాల నాటి గోడ చిత్రాలు ఉన్న మందిరాల లోపల ఫొటోలు అసలే నిషిద్ధం. కొన్నిచోట్ల రక్షక దేవతల గదిలోకి అందరినీ అనుమతించరు, బలవంతపెట్టవద్దు.

పలకరింపుకు "జూలే" అంటే చాలు. నమస్కారానికీ, ధన్యవాదానికీ, వెళ్లొస్తామనడానికీ అదే మాట. మనం పేరు చివర "గారు" చేర్చినట్టు వారు "లే" చేరుస్తారు: పెద్దావిడను ఆమా లే, పెద్దాయనను ఆబా లే, తాతగారిని మేమే లే, అన్న వయసువారిని ఆచో లే అనాలి.

ఏ ఊరని భిక్షువులు అడిగితే హైదరాబాదు అని ఊరుకోకుండా అమరావతి పేరు చెప్పి చూడండి. టిబెట్ సంప్రదాయంలో బుద్ధుడు కాలచక్ర తంత్రం అనే బౌద్ధ తాంత్రిక బోధ చేసిన చోటు మన ధాన్యకటకమే, అంటే నాటి అమరావతే. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చారు. ఆచార్య నాగార్జునుడిని వారు లూడ్రుప్ అంటారు. ఆ పేర్లు వినగానే డిస్కిట్‌లో ఒక వృద్ధ భిక్షువు మా అమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుని తన నుదుటికి ఆనించుకున్నారు. గైడు అనువదించేలోపే ఆవిడకు అర్థమైంది.

11. కనుమ, పాంగాంగ్ రాత్రి, తిరుగు ప్రయాణం

కనుమ మీద పదిహేను నిమిషాలకు మించి ఉండకండి. పరుగులు, గెంతులు, బోర్డు దగ్గర తోపులాట వద్దు. ఫొటో తీసుకుని బండి ఎక్కండి.

పాంగాంగ్‌కు మధ్యాహ్నం మూడు లోపు చేరేలా బయలుదేరాలి. పొద్దెక్కేకొద్దీ మంచు కరిగి దారిలో వాగులు పొంగుతాయి. రాత్రి భోజనం పెందలాడే, తక్కువగా తినండి. ఫోను, కెమెరా బ్యాటరీలు రగ్గు లోపల పెట్టుకోండి, చలికి త్వరగా ఖాళీ అవుతాయి. రాత్రి బయటికి వెళ్లవలసివస్తే ఒంటరిగా వెళ్లకుండా పక్కవారిని లేపండి. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టదు, పట్టకపోయినా పరవాలేదు.

లేహ్ విమానాలు ఎక్కువగా ఉదయం పూటే నడుస్తాయి, వాతావరణం బాగులేకపోతే రద్దవుతాయి. అందుకే తిరిగి వచ్చాక మరునాడే ఆఫీసు, పెళ్లి, పరీక్ష పెట్టుకోకుండా ఒక రోజు ఖాళీ ఉంచండి. ఢిల్లీ నుంచి ఇంటికి వచ్చే విమానం కూడా అదే టికెట్ మీద ఉంటే ఆలస్యమైనప్పుడు ఇబ్బంది తగ్గుతుంది.

విమానం రద్దయి లేహ్‌లో ఉండిపోవలసివస్తే, మరునాడు తెల్లవారకముందే థిక్సే వెళ్లమని గైడును అడగండి. అప్పటికి ఒళ్లు ఎత్తుకు అలవాటు పడి ఉంటుంది, మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలుగుతారు. ఉదయపు ప్రార్థనకు ముందు చిన్న భిక్షువులు మేడ మీద నిలబడి పొడవాటి బాకాలు ఊదుతారు. లోపల గోడ పక్కన కూర్చోండి, వెన్న టీ పోస్తే కాదనకండి.